మనకు నచ్చిన యసత్యము

హితోపదేశమున నొక బ్రాహ్మణుని కథ కలదు. యాగమునకై మేకను కొని భుజముపై మోసికొని పోవుచున్న యాతనిని ముగ్గురు ధూర్తులు చూచిరి. వారు కొంత కొంత దూరమున కొకరు చొప్పున దారిలో వేచియుండిరి. కుక్క నేల మోయుచున్నావని మొదటివా డడిగెను. ఇది కుక్క కాదు, యాగపశువని చెప్పి బ్రాహ్మణుడు సాగిపోయెను. రెండవవాడును నదే యడిగెను. ఈసారి యాతడు మేకను నేల దింపి, మరల మరల పరికించి చూచి, తిరిగి యెత్తుకొని, చలించిన మనస్సుతో నడచెను. మూడవవాడును నట్లే యనగా, తన కన్నులే తన్ను మోసగించినవని నిశ్చయించుకొని, మేకను విడిచి, స్నానమాడి యింటికి బోయెను. ధూర్తులు మేకను తినిరి.

చిన్ననాడు ఈ కథ విని మనమందఱము బ్రాహ్మణుని యమాయకత్వమునకు నవ్వినవారమే. కాని యాతడు చూడకపోలేదు, చూచెను. చూచినది మేకయే. అయినను విడిచెను. ధూర్తులు కత్తి చూపలేదు, బలాత్కరింపలేదు, సాక్ష్య మొక్కటియు నీయలేదు. ఒకే మాటను మూడు నోళ్ల బలికించిరి. ఒండొరుల నెఱుగనివారివలె నటించిరి. శుచిగా నుండవలెనను నాతని యభిమానమును, నలుగురు చూచి నవ్వుదురేమోయను నాతని భయమును నొక్కమాఱే తాకిరి. రాజకీయ ప్రచారమనబడు విద్య యంతయు నీ చిన్న కథలో నిమిడియున్నది. బ్రాహ్మణుడు మేకను పరీక్షించెను గాని, మాటలాడినవారిని పరీక్షింపలేదు. వీ రెవరు, ముగ్గురును నొకే మాట యేల పలుకుచున్నారు, నేను విడిచిన మేక యెవరికి జేరును అను ప్రశ్నలు వేసికొనలేదు. లోప మంతయు నచ్చటనే కలదు.

ధూర్తవిద్య రాజ్యాంగశాఖ యగుట

ఇరువదవ శతాబ్దమున నీ విద్య ప్రభుత్వముల చేతిలో నొక శాఖయై పెరిగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1917 ఏప్రిల్ నెలలో, జర్మనులు తమ సైనికుల శవములనుండి క్రొవ్వు తీయు కర్మాగారమును నడుపుచున్నారని బ్రిటిష్ పత్రికలు ప్రకటించినవి. ఆ వార్త దేశదేశములకు ప్రాకెను. ఎనిమిది సంవత్సరముల పిదప, 1925 డిసెంబరులో, అది నిరాధారమని విదేశాంగమంత్రి ఆస్టిన్ చేంబర్లేను పార్లమెంటులో నంగీకరించెను. అసత్యము వలన గలిగిన నష్ట మంతటితో దీరలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనులు యూదులను లక్షల కొలది నిజముగనే సంహరించుచున్నారను వార్తలు వచ్చినప్పుడు, ఇదియు 1917 నాటి కథవంటిదే కాబోలునని పెక్కుమంది తల లూపి యూరకుండిరి. నేటి యబద్ధము రేపటి నిజమును గూడ చంపగలదనుటకు నింతకంటె ఘోరమైన నిదర్శన ముండదు.

జర్మనీలో హిట్లరు 1933 జనవరి 30వ తేదీన నధికారమునకు వచ్చెను. మార్చి నెలలోనే గోబెల్సు క్రింద ప్రచారమంత్రిత్వశాఖ నెలకొల్పబడెను. మే 10వ తేదీన బెర్లినులోను, ఇతర విశ్వవిద్యాలయ పట్టణములలోను గ్రంథములు తగులబెట్టబడినవి. ఆ సంవత్సరముననే 76 మార్కులకు లభించు చౌక రేడియోపెట్టెను సిద్ధము చేయించి, హిట్లరు గద్దె నెక్కిన దినమునకు జ్ఞాపికగా దానికి 301 అను సంఖ్య నిడిరి. పేదవాని యింటికి గూడ రేడియో జేరుట మేలే కదా యని తోచును. కాని యా పెట్టె ప్రతి యింట నుంచబడిన రెండవ ధూర్తుడు.

దీనికి ప్రతివిధానముగా 1937లో న్యూయార్కునందు కొందఱు విద్యావేత్తలు ప్రచార పరిశీలనా సంఘము నొకదానిని స్థాపించిరి. ప్రచారకుల యుపాయములను వారు ఏడుగా విభజించిరి: ప్రతిపక్షికి చెడ్డపేరు పెట్టుట, అర్థము తేలని గొప్ప మాటలు వాడుట, పూజ్యమైన వస్తువు నీడలో నిలుచుట, ప్రసిద్ధుని చేత మెచ్చుకోలు పలికించుట, నేనును మీవంటి సామాన్యుడనే యనుట, అనుకూలమైన విషయములను మాత్రమే యేర్చి చూపుట, అందఱు వచ్చుచున్నారు, నీవును రమ్మనుట. ఈ యేడింటిని మన గ్రామ పంచాయతీ యెన్నికలలో సయితము గుర్తింపవచ్చును. అమెరికా యుద్ధమున బ్రవేశించిన పిమ్మట, 1942లో, ఆ సంఘము మూతపడెను. శత్రుపక్ష ప్రచారమును విమర్శించువానికి చప్పట్లు లభించును. స్వపక్ష ప్రచారమును విమర్శించువానికి నిలువ చోటుండదు.

విపరీత రాజ్యముల కథలు

శాస్త్రజ్ఞులు పట్టికలు వ్రాసి చేయదలచిన పనిని కొందఱు నవలాకర్తలు కథలు వ్రాసి చేసిరి. 1516లో థామస్ మోర్ సకల సుఖములుగల యొక కల్పితరాజ్యమును వర్ణించిన నాటినుండి పాశ్చాత్య సాహిత్యమున నాదర్శరాజ్య కథలకు కొదువ లేదు. ఇరువదవ శతాబ్దమున నా బొమ్మ తలక్రిందులైనది. సుఖము, సమానత్వము, శాంతి యను పేర్లతో మనుష్యుని మనస్సునే యపహరించు రాజ్యములను వర్ణించు కథలు పుట్టినవి. రష్యాలో జమ్యాటిన్ 1920, 1921 ప్రాంతమున మొదటి గొప్ప కథను వ్రాసెను. జారు చక్రవర్తి కాలమున విప్లవకారుడై చెఱసాల కేగినవా డాతడు. ఆ కథలో ప్రజలకు పేర్లు లేవు, అంకెలు మాత్రమే కలవు. ఇండ్ల గోడలు గాజువి. అది 1924లో న్యూయార్కున నాంగ్లములో ముందు వెలువడెను. స్వదేశమున 1988 వఱకు ముద్రణకు నోచుకొనలేదు. 1932లో ఆల్డస్ హక్స్లీ మఱియొక తెఱగున వ్రాసెను. ఆతని రాజ్యమున కొరడాలు లేవు. నిత్యవినోదమును, దుఃఖమును మఱపించు మాత్రలును కలవు. బాధ లేని దాస్యమునుండి యెవడు విడుదల కోరును? ఇది యాతని ప్రశ్న.

వీరి పిదప 1949 జూన్ 8వ తేదీన జార్జి ఆర్వెల్ రచించిన '1984' అను నవల లండనులో వెలువడెను. దాని నాయకుడు ప్రభుత్వ కార్యాలయమున నొక చిన్న యుద్యోగి. నాయకుడు నిన్న చెప్పినది నేడు తప్పినచో, నిన్నటి పత్రికను వెదకి తీయించి, దిద్ది, తిరిగి యచ్చువేయించుట యాతని పని. ఆ కథలో చాకొలెట్టు పంపకమును 30 గ్రాములనుండి 20 గ్రాములకు తగ్గింతురు. మఱునాడే, దానిని 20 గ్రాములకు పెంచినందుకు నాయకునికి కృతజ్ఞత తెల్పుచు నూరేగింపులు జరిగినట్లు ప్రకటింతురు. జనులు నమ్ముదురు. ఇరువదినాలుగు గంటలలో నెట్లు మఱచితిరని నాయకుడు నివ్వెఱపోవును. ప్రచారము యొక్క పరమార్థ మిచ్చట తెలియుచున్నది. ఒక యబద్ధమును నమ్మించుట దాని తుదిలక్ష్యము కాదు. జ్ఞాపకమును తుడిచివేయుటయే దాని లక్ష్యము. నిన్న మఱచినవాడు నేడు దేనినైనను నమ్మును.

ఇది కవికల్పన మాత్రమే యనుకొందమా? ఆర్వెల్ 1950 జనవరిలో మరణించెను. సోవియట్టు రహస్యపోలీసు నధిపతి బెరియా 1953లో పదభ్రష్టుడై మరణశిక్ష పొందెను. అప్పటికే సోవియట్టు ప్రభుత్వము ప్రకటించిన విజ్ఞానసర్వస్వమున బెరియాను గూర్చి దీర్ఘమైన వ్యాస మచ్చుపడియుండెను. చందాదారుల కందఱకును క్రొత్త కాగితములు పంపి, పాత పుటలను కత్తిరించి తీసివేసి వీనిని చేర్చుకొనవలసినదని సూచించిరి. ఆ క్రొత్త కాగితములలో బేరింగు సముద్రమును గూర్చిన సమాచారము కలదు. కథ వ్రాసినవాడు చనిపోయిన కొలది సంవత్సరములకే కథ నడచి వచ్చినది.

మన దేశముతో సంబంధము

ఈ గ్రంథకర్తకు మన దేశముతో గల సంబంధము గమనింపదగినది. ఆతడు 1903లో బీహారునందలి మోతీహారిలో జన్మించెను. తండ్రి ప్రభుత్వ నల్లమందుశాఖలో నుద్యోగి. ఆతడు 1922 నుండి 1927 వఱకు బర్మాలో పోలీసు నుద్యోగము చేసి, సామ్రాజ్యము చేయించు పాపమునకు రోసి విడిచిపెట్టెను. 1937లో స్పెయిను దేశపు అంతర్యుద్ధమున గొంతులో తుపాకి గుండు తగిలి బ్రతికెను. తన కన్నుల యెదుట జరిగిన పోరాటములను పత్రికలు లేనట్లు వ్రాయుటయు, జరుగని పోరాటములను జరిగినట్లు వర్ణించుటయు నచ్చట జూచెను. 1941 ఆగస్టు మొదలు 1943 నవంబరు వఱకు బి.బి.సి. ప్రాచ్యశాఖలో పనిచేసెను. ఆతని యుద్యోగ మెట్టిదనిన, హిందూదేశ శ్రోతలకు బ్రిటిషువారి పక్షమున ప్రసంగములు సమకూర్చుట. ఆతడు వ్రాసిన వారపు వార్తాలేఖలలో కొన్ని తమిళము, గుజరాతీ, మరాఠీ మొదలగు మన భాషలలోనికి మార్చి చదువబడినవి. ప్రతి వ్రాతయు సెన్సారు ముద్రపడి యే రేడియో కెక్కవలెను. ఆతని భార్య యీలీను యుద్ధారంభమున సమాచార మంత్రిత్వశాఖలోని సెన్సారు విభాగమున పనిచేసెను. కనుక '1984'లోని సత్యమంత్రిత్వశాఖను ఆర్వెల్ రష్యానుండి మాత్రమే యెఱువు తెచ్చుకొనలేదు. తానును తన భార్యయు జీతము పుచ్చుకొన్న కార్యాలయములనుండియు కొంత తెచ్చుకొనెను.

ఇంకొక విశేషము. 1943లో రాజీనామా నిచ్చునప్పుడు, తనకు విరుద్ధమైన మాటను తనచే నెన్నడును పలికింపలేదని యాతడు బి.బి.సి.వారికి వ్రాసెను. అది నిజమే కావచ్చును. కాని పలికినదాని యందేకాక పలుకనిదాని యందును ప్రచారము కలదు. ఆ 1943వ సంవత్సరముననే వంగదేశమున కఱవు తాండవించెను. కఱవు చట్టావళి ననుసరించి ప్రభుత్వము కఱవును ప్రకటించినచో సహాయకార్యములు, ధాన్యపు పంపకము ప్రారంభింపవలెను. వంగదేశ ప్రభుత్వము తుదివఱకు నా ప్రకటన చేయలేదు. జనులు కలకత్తా వీథులలో పడి చచ్చుచుండగా శాసనము దృష్టిలో కఱవు లేదు. ఆగస్టు 22వ తేదీన 'స్టేట్స్‌మన్' పత్రిక, ఆంగ్లేయుల యాజమాన్యముననే యున్నదయ్యును, వీథులలోని యభాగ్యుల ఛాయాచిత్రములను ప్రకటించుటచే లోకమునకు నిజము కన్పట్టెను. మృతులు 15 లక్షలని 1945లో విచారణసంఘము తేల్చెను. 30 లక్షల వఱకు నుందురని తరువాతి పరిశోధకులు లెక్కించిరి.

భూవసతి గలవారికి కఱవు ప్రకటన యనిన నేమో యెఱుక పఱుపనక్కఱలేదు. శిస్తు వజా గావలెనన్నను, తక్కావి యప్పులు పుట్టవలెనన్నను, పనులు దొరకవలెనన్నను ఆ యొక్క మాటపైననే యాధారము. ఆ మాటను పలుకకుండుట యొక లేఖకుని కలములో జరిగిన చిన్న సంగతి. ఫలితము లక్షల ప్రాణములు. మాటలను తగ్గించినచో తలపులు తగ్గునని '1984'లోని పాలకులు నిఘంటువునే కుదించుచుందురు. వంగదేశమున నిఘంటువు నంతయు కుదింపనక్కఱ లేకపోయెను. ఒక్క మాట చాలెను.

ప్రచారఖండన గ్రంథమే ప్రచారసాధన మగుట

ఆర్వెల్ వ్రాసిన మఱియొక చిన్న కథ మన తెలుగులోనికిని మారినది. పశువులు యజమానుని తఱిమివేసి రాజ్యము స్థాపించుటయు, పందులు పాలకులై తుదకు మనుష్యులతో సమానులగుటయు నందలి యితివృత్తము. ఈ పుస్తకము పడిన పాట్లు పుస్తకములోని నీతికంటె గొప్పనీతిని బోధించుచున్నవి.

1944లో నది వ్రాతప్రతిగా నున్నప్పుడు రష్యా బ్రిటనునకు మిత్రరాజ్యము. స్టాలినును నొప్పించునను జంకుతో లండను ప్రకాశకులు దానిని త్రోసిపుచ్చిరి. ఒక ప్రకాశకుడు ముందంగీకరించియు, సమాచార మంత్రిత్వశాఖలోని యొక యుద్యోగి సలహాపై వెనుదీసెను. ఆ యుద్యోగి సోవియట్టు గూఢచారి యని పరిశోధకులు తరువాత తెలిపిరి. 1945 ఆగస్టు 17వ తేదీన పుస్తకము వెలువడెను. మఱి రెండు మూడు సంవత్సరములలో రష్యా మిత్రుడు కాక శత్రువయ్యెను. అంతకుముందు వలదన్న ప్రభుత్వమే యిప్పుడు పుస్తకమును తలకెత్తుకొనెను. బ్రిటిషు విదేశాంగశాఖ 1948లో రహస్యముగా నొక ప్రచార విభాగమును స్థాపించి, దీని యనువాదములను దేశదేశముల వ్యాపింపజేసెను. 1954లో దీనిని బొమ్మల చలనచిత్రముగా తీసిరి; ద్రవ్యము రహస్యముగా నమెరికా గూఢచారి సంస్థనుండి వచ్చినది. కథాంతమును గూడ మార్చిరి. పుస్తకము చివర పందికిని మనుష్యునికిని భేదము గానరాదు. అనగా నీ పక్షమును నా పక్షమును రెండును దోషులే. చిత్రమున మనుష్యులు మాయమైరి. పందులపై పశువుల తిరుగుబాటు మాత్రము మిగిలెను. అద్దములో తమ ముఖము కన్పట్టు భాగమును గోకివేసి, ఎదుటివాని ముఖము కన్పట్టు భాగమును మాత్రము ప్రదర్శించిరి.

ఆర్వెల్ నైనను నిష్కళంకునిగా పూజింపనక్కఱలేదు. 1949లో నాతడు మరణశయ్యపై నుండి, కమ్యూనిస్టు పక్షపాతులని తాను శంకించిన 38 మంది పేర్ల నా రహస్యవిభాగమున కందజేసెను. ప్రచారమును బాగుగా నెఱిగినవాడును దానికి నతీతుడు కాడు. కావున నే గ్రంథమును మన పక్షమున నాలోచించి పెట్టజాలదు. ఈ కథలను ఎదుటి పక్షమువారి దోషములకు సూచికగా చదువువాడు వానిని చదివినవాడు కాడు. వానిని ప్రయోగించినవాడు మాత్రమే.

మన యింటి సంగతి

ఇట్టివి పరాయి ప్రభుత్వముల చేష్టలనియు, స్వరాజ్యము వచ్చిన పిమ్మట మనకు వాని భయము లేదనియు తలచువారు గలరు. జాతీయ పత్రికలు 1910 నాటి ముద్రణశాసనముతోను, 1931 నాటి యత్యవసర శాసనముతోను పోరాడి, ధరావతులు పోగొట్టుకొని నిలిచిన మాట వాస్తవము. కాని 1975 జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినప్పుడు, ఢిల్లీలో పత్రికా కార్యాలయముల వీథికి విద్యుచ్ఛక్తిని నిలిపివేసినది పరాయి ప్రభుత్వము కాదు. స్వాతంత్ర్యసమరమును నడపిన కాంగ్రెసు పేరనే యేలుచున్న ప్రభుత్వ మది. సెన్సారు విధింపబడెను. కొన్ని పత్రికలు సంపాదకీయ స్థలమును తెల్లగా విడిచినవి. ఆ తెల్లకాగితము చెప్పినంత స్పష్టముగా నక్షరములు చెప్పియుండవు. 1976 ఫిబ్రవరిలో నాలుగు వార్తాసంస్థలను గలిపి యొక్కటిగా జేసిరి. మూడు ధూర్తులు వేఱువేఱుగా నిలుచుట కూడ నక్కఱలేకపోయెను.

1977 మార్చి యెన్నికలలో నుత్తరదేశ మా ప్రభుత్వమును కూలద్రోసెను. ప్రధానియే తన స్థానమున నోడిపోయెను. మన యాంధ్రప్రదేశ మా యెన్నికలలో 42 స్థానములలో 41 స్థానముల నా పక్షమునకే యొసగెను. ఇందుకు పెక్కు కారణములు చెప్పవచ్చును. ప్రజల తీర్పును తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. బలవంతపు కుటుంబనియంత్రణ చికిత్సలను, ఇండ్ల కూల్చివేతలను ఉత్తరదేశీయులు తమ శరీరములపైనను తమ గోడలపైనను చదువుకొనిరి. వారికి పత్రిక లక్కఱలేకపోయెను. మనకు దూరపువార్తలు పత్రికలవలననే తెలియవలెను. ఆ యిరువదియొక్క నెలలు మనము చదివిన పత్రికలెట్టివి? ఈ ప్రశ్న వేసికొనక ఆనాటి మన యోటును గూర్చి గర్వపడుటయు, సిగ్గుపడుటయు రెండును తొందరపాటే. మఱియొకటి చూడుడు. సెన్సారు ప్రజలనే కాక పాలకులను గూడ మోసగించినది. తమ మెప్పు మాటలే తమకు తిరిగి వినబడుచుండుటచే విజయము తథ్యమని తలచి వా రెన్నికలు పెట్టించిరని చరిత్రకారు లనేకులు వ్రాసిరి. తాను వండిన విషాన్నమును తానే తినవలసివచ్చుట ప్రచారకునికి పట్టు దుర్గతి.

చేతిలోని ధూర్తులు

నేటి స్థితి వేఱు. ప్రభుత్వము తెఱపి లేక యొక రేడియోనుండి యఱవ బనిలేదు. చేతి ఫోనున దినమునకు నూఱు వార్తలు వచ్చుచున్నవి. పంపువాడు అపరిచితుడు కాడు. మేనమామ, బావమఱది, పూర్వవిద్యార్థి మిత్రుడు. ధూర్తుడు దారిప్రక్క చెట్టుక్రింద నిలుచుట మాని, మన బంధువుల నోట బ్రవేశించినాడు. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి వాట్సాపు మూలమున తెలుగు జిల్లాలలో వ్యాపించెను. తెలంగాణములోను, దేశమున నింక పెక్కుచోట్లను, నిరపరాధులు గుంపుల చేతులలో దెబ్బలు తిని ప్రాణములు విడిచిరి. కొట్టినవారు దుర్మార్గులుగా బుట్టినవారు కారు. తమ బిడ్డలను కాపాడుకొనుచున్నామను కొనిరి. ఆ సంవత్సరము జూలైలో నా సంస్థ, మన దేశమున నొక్క సందేశమును నొకసారి యైదుగురికి మించి పంపకుండ కట్టడి చేసెను. ఇప్పుడు యంత్రము మనుష్యుని ముఖమును, కంఠమును గూడ కల్పించుచున్నది. కన్నులతో జూచుట యాధారముగా చాలనప్పుడు, హితోపదేశ బ్రాహ్మణుని స్థితికిని మన స్థితికిని భేద మేమున్నది?

అట్లని దేనిని నమ్మకుండుట మార్గమా? కాదు. అందఱు నబద్ధికులే, అన్ని పత్రికలు నమ్ముడుపోయినవే యనువాడు తన్ను తాను తెలివిగలవానిగా నెంచుకొనును. వాడే ప్రచారకునికి మిక్కిలి ప్రియుడు. ఏదియు నిజము కాదన్నవానికి, బలవంతు డేది చెప్పిన నదియే చెల్లును. 1917 నాటి యబద్ధము తరువాత నిజమైన ఘోరమును నమ్మనివా రిట్టి తెలివిగలవారే. అంతటను శంకించుట వేఱు, పరీక్షించుట వేఱు. ధాన్యపు వర్తకుడు అన్ని బస్తాలను త్రోసిపుచ్చడు. ప్రతి బస్తాలోనికిని బొంకి గ్రుచ్చి గుప్పెడు గింజలు తీసి చూచును.

వార్తలకు నట్టి పరీక్ష యేది? మాకు తోచినంతవఱకు ప్రశ్నలు నాలుగు. ఇది చెప్పువా డెవడు, నేను నమ్మినచో వానికి వచ్చు లాభమేమి? ఇందు చెప్పకుండ విడిచినదేమి? ఈ మాట చెప్పినవారే నిరుడు చెప్పిన దేమి? ఈ మూడును సులభములు. శత్రుపక్షపు వార్త వచ్చినప్పుడు మన మందఱము నడుగునవే. నాలుగవది కష్టము: ఇదే వార్త నా పక్షమునకు వ్యతిరేకముగా వచ్చియుండినచో, ఇంతపాటి సాక్ష్యముతో నేను నమ్మియుందునా? మనకు కోపము దెప్పించు యబద్ధమునకు మనలో కాపలావాడు మేలుకొనియుండును. మనకు నచ్చిన యబద్ధము వచ్చునప్పుడు వాడే తలుపు తీసి, పీటవేసి, కూర్చుండబెట్టును. స్వదేశాభిమాన మీ నాలుగవ ప్రశ్నకు విరోధి యని కొంద ఱనుకొందురు. మే మట్లనుకొనము. తన పొలములోని కలుపును తీయువాడు పొలమునకు ద్రోహి కాడు గదా!

ఈ విపరీత రాజ్యకథలను మన యువకులు చదువవలెనని కోరుట యిందుకే. అవి జోస్యములు కావు. 1984వ సంవత్సరము వచ్చి పోయినది. అవి యభ్యాసములు. మాట మాఱుట, జ్ఞాపకము చెఱగుట, గుంపుతోపాటు తానును గొంతెత్తుట యెట్లుండునో కథలో నొకమాఱు చవిచూచినవాడు వీథిలో దానిని గుర్తుపట్టును. చదువునప్పుడు మాత్రము అందలి దుర్మార్గునికి తన శత్రువు పేరు పెట్టుకొనక, తన కిష్టుడైన నాయకుని పేరు పెట్టుకొని చదువవలెను. అప్పుడును కథ సరిపోయినచో, ఆలోచింపవలసిన సమయము వచ్చినదని గ్రహింపవలెను.

బ్రాహ్మణుడు స్నానము చేసి పవిత్రుడనైతినని తృప్తితో నింటికి బోయెనట. ఆతనికి మేక పోయినదను విచారము కూడ లేదు. మోసపోయినవానికి మోసపోతినని తెలియుట భాగ్యము. అట్టి భాగ్యము లేకుండ చేయుటయే ప్రచారము యొక్క నేర్పు. మన భుజముపై నున్నది మేకయో కుక్కయో చూచుకొనుటతో బాటు, దారిలో నిలిచి పలుకరించువారు ముగ్గురును నొకే యూరివారేమో యని యొక్క క్షణము నిలిచి యడుగుట యలవఱచుకొందము.